చిక్కుడుపాదు వాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము: "చిక్కుడుపాదుకు పేనువట్టింది, ఇంత బూడిద సల్లు బిడ్డా."

అవతారిక: 1967లో నాగార్జునసాగరు ఎడమకాలువకు నీరు విడిచినది మొదలు హాలియా చుట్టుపట్ల వరి తప్ప వేరొక పైరు కంటికానుట అరుదైనను, పెరటి పందిరిమీది చిక్కుడు మాత్రము ఏ కాలువకును ఋణపడక, స్నానపు నీళ్ళతోనే బ్రదుకుచున్నది. అట్టి పందిరి క్రింద, పూత విచ్చు చలిదినములలో, పుస్తకము విడువని మనుమని నుద్దేశించి ఒక నాయనమ్మ పలికిన వాక్యమిది.

టీక: పేను = లేతకొనల నల్లగా క్రమ్ముకొను పేనుబంక. వట్టింది = పట్టినది. ఏకవచనము దోషము కాదు. ఈ జాతియం దాడుపురుగు మగతోడు లేకయే పిల్లలను కనును గనుక, ఒకటి పట్టినదన్నచో వారము తిరుగునప్పటికి కొమ్మయంతయు పట్టినదనియే యర్థము. బూడిద = నీళ్ళు కాచు కట్టెలపొయ్యిలోనిది; మిర్యాలగూడ మిల్లుల ఊకబూడిద నాయనమ్మకు సమ్మతము కాదు. సల్లు = చల్లుము; మంచుతడి యారకమునుపే యని అధ్యాహారము.

విశేషము: పాదుపై ప్రాకు చీమలను మూలము పేర్కొనకుండుట చింత్యము. చిక్కుడు రసమున చక్కెర మెండు, మాంసకృత్తుల సారము కొద్ది. ఆ కొద్దిపాటి సారమునకై పేనుబంక రసమును అతిగా త్రాగి, మిగులు తీపిని తేనెబంకగా విసర్జింపగా, చీమలు దానిని గ్రోలుచు, ప్రతిఫలముగా శత్రువులను తరుముచు, కాపరులై తిరుగును. డార్విను పండితుడు 1859 నాటి గ్రంథమున, చీమలను తొలగించి, వాని మీసముల తీరున వెండ్రుకతో పేనుబంకను నిమిరి చూచితిననియు, ఒక్కటియు చుక్క విడువలేదనియు, పిదప ఒక చీమను రానిచ్చినంతనే విడిచెననియు వ్రాసెను. నాయనమ్మ ఆయన గ్రంథమును చూడలేదు. ఆయనయు ఈ పందిరిని చూడలేదు.

శంక: బూడిదకు పక్షపాతము లేదు గదా, పేనుబంకను భక్షించు అక్షింతల పురుగు గతి యేమి? దాని పిల్ల రెక్కలు లేక, నల్లని మేనిపై పసుపు మచ్చలతో, మొసలివలె నేలబారుగా నడచుటచే, పలువురు దానినే చీడ యనుకొని నలిపివేయుదురు.

సమాధానము: అందులకే మూలమున "ఇంత" యను పదము. పిడికెడు మాత్రమే, పట్టిన కొనలకు మాత్రమే, యని గ్రహింపవలెను. పాదంతయు తెల్లబడునట్లు చల్లుట వ్యాఖ్యాతల అత్యుత్సాహమే.

పాఠాంతరము: "సబ్బునీళ్ళు గొట్టు" అని పొరుగింటివారి పాఠము. సబ్బునీరు మెత్తని పురుగును చంపుట నిజమే కాని, వేపుడున వాసన వచ్చునని నాయనమ్మ నిరాకరించినది. ఉభయపాఠముల బలాబలములను మనుమడు విచారించుచుండగా, మూలకర్త్రియే చేటతో బూడిద తెచ్చి చల్లినది.