పాత కటకాల ఉపాసకుడు

డిజిటల్ కెమెరా కొన్నవారిలో అత్యధికులు దానితోపాటు వచ్చిన కటకంతో, అంటే లెన్సుతో, సరిపెట్టుకుంటుండగా, దాన్ని మొదటివారంలోనే బీరువాలోకి నెట్టి, తాను పుట్టకముందు సోవియట్ దేశంలో తయారైన బరువైన లోహపుముద్దను ఆ స్థానంలో బిగించుకునే వ్యక్తి ఒకడు నేడు అన్ని పట్టణాల్లోనూ తారసపడుతున్నాడు. సాధారణంగా ఇతని ఇష్టదైవం హీలియోస్ 44-2. జర్మనీవారి బయోటార్‌ను అనుసరించి రూపొందిన ఈ 58 మిల్లీమీటర్ల కటకం జెనిట్ కెమెరాలతోపాటు లక్షలాదిగా అమ్ముడైంది కనుక అరుదైనదేమీ కాదు; అయినా ఇతడు దాన్ని పరాయిచేతికి ఇవ్వడు.

కొనే సమయంలో ఇతడు టార్చి వేసి గాజును పరీక్షించే తీరు చూస్తే పెళ్ళిచూపులకు వెళ్ళిన మేనత్త సైతం సిగ్గుపడవలసిందే. కోస్తా ఉక్కపోతకు గాజుమీద బూజుపోగులు అల్లుకుంటాయి కనుక ఈ పరీక్షలో కొంత న్యాయం లేకపోలేదు.

అసలు తంతు అడాప్టరుతో మొదలవుతుంది. జెనిట్ వంటి పాత కెమెరాల్లో కటకానికీ ఫిల్ముకూ నడుమ ఒక అద్దం పైకి లేవవలసి ఉండడంవల్ల, కటకం ఆనే అంచునుంచి ఫిల్ము వరకు 45.46 మిల్లీమీటర్ల ఎడం ఉంచేవారు. అద్దాన్ని తీసివేసి 2010లో వచ్చిన సోనీ ఇ-మౌంటులో ఆ ఎడం 18 మిల్లీమీటర్లే. ఈ తేడాను భర్తీచేసే లోహపుగొట్టమే అడాప్టరు. అందులో గాజూ లేదు, తీగా లేదు కనుక, ఇతడు డబ్బు పోసి కొన్నది అక్షరాలా 27.46 మిల్లీమీటర్ల శూన్యం. విద్యుత్ సంబంధం లేక కెమెరా తనకు లెన్సే బిగించలేదని మొరాయిస్తుంది. లెన్సు లేకున్నా ఫొటో తీయనిచ్చే అంశాన్ని మెనూలో వెతికి పట్టుకున్ననాడే ఇతనికి దీక్ష సిద్ధించినట్టు లెక్క.

ఇతని ప్రతిభ శుభకార్యాల్లో రాణిస్తుంది. బంధువులందరూ వరుసగా నిలబడ్డాక, ఇతడు ఒక వలయంతో ఎపర్చరును, అనగా వెలుతురు ప్రవేశించే రంధ్రాన్ని, ఎంతవరకు మూయాలో నిర్ణయించి, మరో వలయంతో దాన్ని పూర్తిగా తెరిచి, మూడో వలయంతో ఫోకసు వెతుకుతూ, స్పష్టమైన అంచులకు కెమెరా రంగు పూసి చూపే ఫోకస్ పీకింగ్ ఎరుపు కోసం ఊపిరి బిగబడతాడు. ఈలోగా పసివాడు ఏడుస్తాడు, పెద్దాయన కుర్చీ అడుగుతాడు, "ఒరేయ్ నాయనా, తీశావా లేదా?" అని పిన్ని నిలదీస్తుంది. "ఒక్క నిమిషం పిన్నీ, కదలొద్దు" అంటూ ఇతడు రెండో వలయాన్ని వెనక్కి తిప్పడం మరచి మీట నొక్కుతాడు. రంధ్రం తెరిచి ఉంటే స్పష్టత బహు పలచటి పొరకే పరిమితం కావడంవల్ల, ఫొటోలో అమ్మమ్మ ముక్కుపుడక ధగధగలాడుతుంది గాని కళ్ళు మసకబారతాయి. వెనకనున్న మామిడాకులు మాత్రం సుడులు తిరుగుతుంటాయి. కొత్త లెన్సులో ఇదే కనిపిస్తే దుకాణదారుతో తగవు పెట్టుకునే ఈ మనిషి, పాతదానిలో దీన్ని "క్యారెక్టర్" అంటాడు.

ఇతని ఆల్బంలో తులసికోట, ఇత్తడి బిందె, నిద్రపోతున్న పిల్లి మాత్రం అద్భుతంగా వస్తాయి, ఎందుకంటే అవి కదలవు. ఇంట్లో పటం కట్టించి తగిలించిన కుటుంబచిత్రం మేనల్లుడు ఫోనులో తీసినది. అందులో అందరూ నవ్వుతుండగా, ఇతడొక్కడే ఒక మూలన వంగి వలయం తిప్పుతూ కనిపిస్తాడు.