వానొస్తే పాడైనట్టా?

బిల్డు పాసైందా, పోయిందా? నాక్కావలసింది ఒక్క ముక్క. ఊరికే పేజీ రిఫ్రెష్ చేయలేక, బిల్డులు నడిపే జెంకిన్స్ ఏపీఐని అడిగి చెప్పమని ఓ చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. ఇన్నాళ్లుగా నా ప్రాణం తోడేస్తున్నది అదే.

చిరునామా చివర ‘లాస్ట్‌బిల్డ్’ తగిలించి అడిగితే బారెడు జేసన్ వస్తుంది. అందులో రిజల్ట్ వెతికితే ‘నల్’. పోయిందని కాదట, ఇంకా నడుస్తోందట. ఆ సంగతి ‘బిల్డింగ్’ అని ఇంకోచోట విడిగా రాసి ఉంటుంది, మనమే జత చేసుకోవాలి. పోనీ నెగ్గినదాన్నే అడుగుదామని ‘లాస్ట్‌సక్సెస్‌ఫుల్‌బిల్డ్’ అంటే, కొన్ని టెస్టులు తన్నేసిన బిల్డు కూడా అందులోకి వచ్చేస్తుంది. అన్నీ పాసైనది కావాలంటే ‘లాస్ట్‌స్టేబుల్‌బిల్డ్’ అనాలి. మర్యాదలు తెలియకపోతే మాటే దొరకదు.

ఇవన్నీ భరించవచ్చు. వాతావరణం మాత్రం నావల్ల కాదు. ‘హెల్త్‌రిపోర్ట్’ అని ఒకటుంది. చివరి ఐదు బిల్డుల్లో ఎన్ని పోయాయో చూసి వందకి మార్కులేస్తుంది, మార్కులకు తగ్గ బొమ్మ పెడుతుంది. 80 దాటితే నిగనిగలాడే ఎండ. దిగేకొద్దీ మబ్బు, వాన, అట్టడుగున ఉరుములు మెరుపులు. అంటే ఎండ శుభం, వాన అశుభం! ఈ బొమ్మలు పెట్టినాయన మే నెలలో రెంటచింతల వైపు ఒక్క మధ్యాహ్నం కూడా నిలబడి ఉండడు.

అనంతపురం నుంచి వచ్చిన మా మామగారు నా వెనక నిలబడి తెర మీది ప్రాజెక్టుల పట్టీ అంతా పరికించారు. “ఏం నాయనా, అంతా ఎండలేనా? యాడా పదును కాలేదా?” అన్నారు. కింద ఉరుముల బొమ్మ కనపడగానే ముఖం విప్పారింది. “ఈడ బాగా పడేట్టుందే! ఏ ఊరిది?” ఆ ఊరు పేమెంట్స్ మామయ్యా, నిన్నటి నుంచి మునిగే ఉంది అన్నాను. “చెరువు నిండింటాది” అని ఆయన సంతోషించారు. వేరుశనగ విత్తి మబ్బుకేసి చూసే మనిషికి ఎండ బొమ్మ చూపించి అంతా బాగుందని చెప్పే ధైర్యం నాకు లేదు. ఇప్పుడు నాకూ అదే రోగం పట్టింది. ఉరుము కనిపిస్తే గుండె గుభేలుమనే ముందు ఒక్క క్షణం చల్లగా ఉంటోంది.

‘లాస్ట్‌బిల్డ్’ ఇచ్చిన జేసన్‌లో ఇంకాస్త కిందికి ‘కల్‌ప్రిట్స్’ ఉంటుంది, ముద్దాయిల చిట్టా. బిల్డు శుభ్రంగా పాసయ్యేదాకా పాత పేర్లు చెరగవు, కొత్తవి చేరుతుంటాయి. మా రాత్రి బిల్డు ఎప్పటినుంచో టెస్టు తన్నేసి పసుపుపచ్చగానే ఉంది, అలవాటైపోయి ఎవరూ పట్టించుకోరు. మొన్న చిట్టా మొత్తం చదివితే మొదట్లోనే ఒక పేరు. లేఆఫుల్లో వెళ్లిపోయిన కుర్రాడు. కార్డు తీసుకున్నారు, మెయిలు ఆపేశారు, టీం గ్రూపులోంచి తీసేశారు. ముద్దాయిగా మాత్రం ఉంచుకున్నారు, రాత్రికోసారి.

ఆ పేరు పోవాలంటే ఒక్క టెస్టు బాగుచేస్తే చాలు. అది రాసింది అతనే. ఎలా పనిచేస్తుందో మాలో ఎవరికీ తెలీదు.