వంగిన రాడ్డు

గుణదల పడవలరేవు సెంటర్‌కి కాస్త లోపలగా ఒక మెకానిక్ షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. బండి తెచ్చినవాళ్లు అక్కడ మొదట ఎదుర్కొనేది ప్రశ్నల్ని. ఎప్పుడు ఆగింది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ట్యాంకులో ఎంతుంది? నిన్న ఎవరు తోలారు? ఈ మాటలన్నీ తేలితేగాని మేస్త్రి పానా అందుకోడు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. నాకైతే ఆయన పనితనమంతా ఆ ప్రశ్నల్లోనే ఉందనిపిస్తుంది.

ఒకసారి ఒక పాలాయన మోటారు సైకిలు తెచ్చాడు. ఇంటి దగ్గర శుభ్రంగా స్టార్టవుతుంది, ఐదారు కిలోమీటర్లు పోయాక ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ నడుస్తుంది. అప్పటికే ఎవరో కార్బొరేటరు విప్పారు, ప్లగ్గు మార్చారు. మేస్త్రి అడిగింది ఒక్కటే: "ఆగినప్పుడల్లా ట్యాంకు మూత తీసి చూస్తున్నావా?"

"చూడనా మరి? పెట్రోలుందో లేదో తెలియొద్దూ!"

"మూత తీశాకే కదా నడుస్తోంది?"

మూతకుండే సన్నని గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయింది. లోపలికి గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. పిన్నీసుతో పొడిచి, డబ్బులు తీసుకోకుండా పంపేశాడు. "బండి అబద్ధమాడదు. మనిషైనా ఊరికే ఆడడు, ఏదో భయం ఉంటేనే ఆడతాడు" అంటుండేవాడు.

ఆయన అందరికీ పదే పదే చెప్పే మాట ఇంకొకటుంది. మునిగిన బండి తాళం ముట్టుకోవద్దు. కారణం కూడా విడమరిచి చెబుతాడు. ఇంజిన్ గాలిని నలిపి పని చేస్తుంది. గాలి నలుగుతుంది, నీరు నలగదు. సిలిండర్లోకి నీళ్లు పోయాక పిస్టన్ పైకి రాబోతే దారి ఉండదు. అప్పుడు కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మునిగి ఊరికే నిలబడ్డ బండైతే విప్పి, కడిగి, ఆయిలు మార్చి బతికించుకోవచ్చు. నీళ్లలో స్టార్ట్ చేసి పాడుచేసుకున్న ఇంజిన్‌కు మామూలు బీమాలో డబ్బు రావడమూ కష్టమే, విడిగా ఇంజిన్ కవరు తీసుకుని ఉంటే తప్ప. ఆటో తోలేవాళ్లలో ఆ కవరు తీసుకునేదెవరు?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి తెల్లవారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వీధుల్లోకి వచ్చేసింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. ఆ బ్యారేజీ అంత నీటిని ఎన్నడూ చూడలేదు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద జనం పడవల కోసం, పాల ప్యాకెట్ల కోసం, అయినవాళ్ల కబురు కోసం నిలబడిపోయారు. కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు. ఆ రోజులు చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నీళ్లు తీశాక మేస్త్రి షెడ్డు ముందు బండ్లు బారులు తీరాయి. ఏ ఇంజిన్ కింద గిన్నె పెట్టి నట్టు విప్పినా ఆయిలు పాలెక్కువైన టీలాగా కారేది. మునిగిన ఆటోకు 10 వేలు, ద్విచక్ర వాహనానికి 3 వేలు ప్రభుత్వం ప్రకటించింది. రోజు కిరాయి మీద బతికేవాళ్లకు అది ఆసరానే గాని, ఇంజిన్ పని పడ్డవాళ్లకు ఏ మూలకూ చాలేది కాదు. మేస్త్రి చాలామందికి అరువు మీదే పని చేసిపెట్టాడు. ఆ లెక్కలు రాసుకున్న పుస్తకం నేను చూశాను. సగం పేజీల్లో 'జమ' గడి ఖాళీగానే ఉంది.

దీపావళి వెళ్లాక ఒక డీజిల్ ఆటో వచ్చింది. సింగ్‌నగర్ నుంచి ఆటో ఆయన, ఇంటర్ చదివే కొడుకు ఇద్దరూ కలిసి తెచ్చారు. నేను నా స్కూటర్ బ్రేకులు చేయించుకోవడానికి వెళ్లి ఆ పూట అక్కడే ఉన్నాను.

"పొద్దున్నే స్టార్టవదు మేస్త్రీ. అయినా లాగదు. నలుగురెక్కితే ఫ్లైఓవర్ మీద చచ్చిపోతోంది. ఆటోనగర్‌లో నాజిల్ మార్చారు, పంపు చూశారు, ఫిల్టర్లన్నీ కొత్తవే. ఉన్నదంతా దీనికే పెట్టాను. పండక్కి పిల్లలకి బట్టల్లేవు. అయినా మా అమ్మ పోయిన ఏడు, పండగెక్కడిదిలే."

"ఎప్పుడు పోయారు?"

"వరదలోనే. ఆదివారం పొద్దున. నేనూ నా భార్యా పెళ్లికని గుడివాడ వెళ్లి అక్కడే చిక్కుబడిపోయాం. ఇంట్లో వీడూ అమ్మా ఉన్నారు. మూడో రోజు పడవ మీద వచ్చి చూసుకున్నా. నిద్దట్లోనే పోయిందంట మహాతల్లి. ఆ నీళ్లు చూడకుండానే పోయింది, అంతవరకూ అదృష్టం."

మేస్త్రి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సెల్ఫ్ కొట్టమని, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. పొగ చూశాడు. ఆపమన్నాడు.

"నీళ్లలో స్టార్ట్ చేశారా?"

"నేనా! నువ్వు చెప్పిన మాటేగా అది. నీళ్లు వీధిలోకొస్తున్నాయని తెల్లారగట్ల వీడు ఫోన్ చేస్తే, ఏమైనా కానీ ఆటో తాళం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పా. ఆ తర్వాత ఫోనే కలవలేదు. బండి పెట్టినచోటే ఉంది మేస్త్రీ, గేటు లోపలే."

"హెడ్ ఎవరైనా దించారా?"

"లేదు. పైపైనే చూశారు."

హెడ్ దించడానికి మధ్యాహ్నమైంది. లోపల చీకటిగా ఉంటే పిల్లాణ్ణి టార్చి పట్టుకోమన్నాడు. చేత్తో ఇంజిన్ తిప్పి పిస్టన్‌ను పైకంటా తెచ్చి, దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టాడు. బోరు గోడను గుడ్డతో తుడిచి ఆటో ఆయన్ని దగ్గరికి పిలిచాడు.

"ఈ నల్లటి పట్టీ చూడు. ఇదివరకు పిస్టన్ ఇక్కడిదాకా వచ్చి గోడను తుడుచుకుంటూ పోయేది. ఇప్పుడు అంతదాకా రావట్లేదు, అందుకే తుడవని చోట మసి పేరుకుంది. రాడ్డు వంగి పొట్టిదైంది. గాలి సరిగా నలగడం లేదు, ఇంక బండి ఏం లాగుతుంది? నీ నాజిలూ పంపూ బాగానే ఉన్నాయి."

"మునిగినందుకేనా?"

"కాదు. నిలబడ్డ బండికి రాడ్డు వంగదు. నీళ్లు లోపలికొచ్చేటప్పుడు ఇంజిన్ తిరుగుతూ ఉంది. ఎవరో స్టార్ట్ చేశారు. టార్చి సరిగా పట్టు బాబూ."

ఆటో ఆయన మొహం ఎర్రబడింది. "పై వాటా వాడే! తాళం మేకుకి ఉంటుందని వాడికే తెలుసు. వాళ్ల సామాను దాటించుకోడానికి నా బండి తీసుంటాడు. చంపేశాడు మేస్త్రీ నన్ను. ఇంకా కిస్తీలు తీరనే లేదు." జేబులోంచి ఫోన్ తీసి నంబరు వెతకడం మొదలుపెట్టాడు.

మేస్త్రి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగయ్యా. ఎవరు తీశారో బండి చెప్పదు. తిరిగిందని మాత్రమే చెబుతుంది."

"వాడు గాకపోతే ఇంకెవడు? మా ఇంట్లో బండి తోలేవాళ్లే లేరు!"

"ఆయన కాదు నాన్నా" అన్నాడు పిల్లాడు. "నేనే."

ఆటో ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యెత్తాడు. "చెప్పానా లేదా? ముట్టుకోవద్దని నీకు ఫోన్లో చెప్పానా లేదా?"

పిల్లాడు వెనక్కి తగ్గలేదు.

"నానమ్మ నిద్దట్లో పోలేదు నాన్నా. నీతో మాట్లాడాక కాసేపటికే, ఐదింటికి ఆయాసం మొదలైంది. ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకుపోరా అని అడిగింది. అప్పటికి నీళ్లు చక్రం సగం దాకా కూడా లేవు. నీకు ఫోన్ చేస్తే కలవలేదు. నువ్వు ముట్టుకోవద్దన్నావని ఏడింటి దాకా ఆగాను."