ఎక్కడ దిగబడింది?

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని టీవీలో చెప్పగానే పర్చూరు, ఇంకొల్లు వైపు రైతుల మొహాలు వాడిపోతాయి. పగిలిన పత్తి చెట్టు మీదే నానిపోతుంది, మిరప చేలో నీళ్ళు నిలబడతాయి. ఆ మబ్బుని చూసి లోలోపల సంబరపడే మనిషి మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. అతనికి తడిసే పంట లేక కాదు, రెండెకరాలు కౌలుకి చేస్తూనే ఉంటాడు. అయినా వాన పడితే రేగడి నానుతుంది, రేగడి నానితే ఎవరిదో ఒకరి బండి దిగబడుతుంది, దిగబడితే తనకి ఫోనొస్తుంది.

అతని అసలు పేరు రేషన్ కార్డులో ఉంది. ఊరు పిలిచే పేరు టర్బో. ఎదురుపడితే టర్బో అన్న, చాటుకెళితే టర్బోగాడు. ఫోనెత్తి అందరూ హలో అంటారు, ఇతను 'ఎక్కడ దిగబడింది?' అంటాడు. బండి వాయిదా కట్టలేదని ఫైనాన్సు కంపెనీ నుంచి ఒక అమ్మాయి చేసినా అదే ప్రశ్న. 'మీ దగ్గరే సార్, మూడు నెల్ల నుంచి' అందట ఆ పిల్ల.

బండి తెల్ల బొలెరో పికప్పు. ముందు బంపరుకి నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ, వెనక డోరు మీద ఒంగోలు గిత్తల జత బొమ్మ. సీటు కింద కొబ్బరి మోకు ఒకటి, నైలాన్ తాళ్ళు రెండు, ఒక ఇనప గొలుసు, రెండు చెక్క దిమ్మెలు. వాళ్ళావిడ పేటలో పెళ్ళికెళ్ళాలన్నా పట్టుచీర ఎత్తిపట్టుకుని గొలుసు మీద కాళ్ళు పెట్టుకోవాల్సిందే. పేటంటే చిలకలూరిపేట. ఆ మాత్రం విప్పి చెబితే మా వైపు వాళ్ళు నవ్వుతారు.

ఈ పికప్పులు కంపెనీ నుంచి వచ్చేటప్పుడే టర్బోతో వస్తాయి. ఆ సంగతి ఇతని దగ్గర ఎత్తకూడదు. గుంటూరు ఆటోనగర్‌లో ఒక కుర్రాడు బోనెట్టు ఎత్తి, ల్యాప్‌టాప్ తగిలించి, అరగంట టకటకలాడించి 'పవర్ పెరిగిందన్నా' అన్నాడు. ఆ రోజు నుంచి టర్బోని కనిపెట్టింది తనేనన్నట్టు తిరుగుతున్నాడు. నిజానికి ఆల్‌ఫ్రెడ్ బ్యూకి అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇంజను బయటికి వదిలేసే వేడి పొగలో ఇంకా బోలెడు ఊపు మిగిలి ఉంటుంది. ఆ ఊపుకి ఒక చిన్న చక్రం తిరుగుతుంది, నిమిషానికి లక్ష చుట్ల పైమాటే. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని సిలిండర్లలోకి కుక్కుతుంది. గాలి ఎంత ఎక్కువుంటే డీజిలు అంత ఎక్కువ కాల్చుకోవచ్చు. టీ కొట్టు దగ్గర మన టర్బో ఇంత దూరం వెళ్ళడు. 'బండలాగే ఎడ్లకి ఉలవలు పెట్టినట్టే అబ్బయా, ఇంజనుకి గాలి పెట్టాల' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. నాకైతే ఆ ముక్కే బాగా అర్థమైంది.

ఆటోనగర్ కుర్రాడు పెంచింది మాత్రం ఎక్కువగా డీజిలే. దానికి సరిపడా గాలి అందకపోతే సగం కాలిన డీజిలు నల్లటి పొగై పోతుంది. 'పొగ చూశావా, అదీ పవరంటే' అంటాడితను. 'మన డబ్బులే నల్లగా పోతా ఉన్నయ్' అంటుంది వాళ్ళావిడ. ఇద్దరిలో ఇంజను గురించి తెలిసింది ఆవిడకే.

ఇంత బలం తెచ్చుకుని ఎక్కేదెక్కడికయ్యా అంటే, మాది బల్లపరుపు నేల. ఎత్తంటే సాగర్ కాలవ కట్ట, జాతీయ రహదారి మీద ఫ్లైఓవరు. అవీ చాలకపోతే కోటప్పకొండ ఘాట్ రోడ్డు. ఇతను నెలకోసారి ఏ మొక్కూ లేకుండానే కొండెక్కి దిగొస్తాడు. త్రికోటేశ్వరుడికి దణ్ణం కింద నుంచే పెడతాడు. పైకి తీసుకెళ్ళింది బండిని.

ఇక లాగుడు. టర్బో అనేది ఇంజను కాస్త జోరందుకుంటే గానీ పలకదు. దిగబడిన ట్రక్కుని లాగేదేమో ఫస్టు గేరులో, అంగుళం అంగుళం. పైగా పికప్పుకి బలం వెళ్ళేది వెనక చక్రాలకే, ఖాళీ బండిలో బరువుండేది ముందు. నానిన రేగడిలో ఎంత తొక్కితే టైర్లు అంత గిర్రున తిరిగి తమ గొయ్యి తామే తవ్వుకుంటాయి. అందుకే తాడు బిగించగానే ఇతను చేసే మొదటి పని, గట్టు మీద తమాషా చూస్తున్న వాళ్ళందరినీ 'ఎక్కండ్రా' అని వెనక తొట్టిలోకి ఎక్కించడం. డజను మంది వెనకిరుసు మీద కూర్చుంటే టైరుకి పట్టు దొరుకుతుంది, ట్రక్కు మెల్లగా కదులుతుంది. కదిలించింది ఆ డజను మంది ఒళ్ళు. పేరు టర్బోకి. ఆ డజను మందీ కిందికి దిగి 'ఏం లాగిందిరా బండి!' అని ఆశ్చర్యపోతారు. మా వాళ్ళ మంచితనానికి అంతుండదు.

మొన్న సంక్రాంతికి ఒకరింటి కొత్తల్లుడు కారుతో డొంక పక్క బురదలో దిగాడు. కారుకి తాడు తగిలించడానికి కంపెనీ వాడు వేరే కొక్కెం ఇస్తాడు, డిక్కీలో స్టెప్నీ పక్కనుంటుంది, మరతో బిగించాలి. అంత ఓపిక ఎవరికి? టర్బో ముందు చేతికందిన దానికి మోకు కట్టి యాక్సిలేటరు తొక్కాడు. బంపరు వచ్చింది, కారు రాలేదు. దాన్ని తీసుకెళ్ళి అత్తగారి వాకిట్లో దించి, 'ముందు ఇది ఉంచండమ్మా, మిగతాది తెస్తా' అన్నాడు.

ఫిబ్రవరి నుంచి కల్లాల్లో మిరపకాయ ఎండగానే అసలు సంపాదన. తేజ రకం టిక్కీలు గుంటూరు యార్డుకి తోలాలి. టిక్కీ నలభై నుంచి నలభై అయిదు కిలోలు. టన్నుమ్ముప్పావు మోసే బండికి నలభై టిక్కీలు న్యాయం, ఇతను ఎనభై వేస్తాడు. ఒకసారి బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపి కాటా పెట్టించాడు. 2019లో చట్టం మారాక ఎక్కువ బరువుకి ఇరవై వేలు, ఆ పైన అదనపు టన్నుకి రెండేసి వేలు. మొత్తం ఇరవై నాలుగు వేలకి రసీదు రాశాడు. మరొకడైతే ఆ కాయితాన్ని దాచేవాడు. ఇతను లామినేషన్ చేయించి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. 'రెండు టన్నులు ఎక్కువ లాగిందని గవర్నమెంటే రాసిచ్చింది, చూడు' అంటాడు. అదృష్టం బాగుండి ఆ పెద్దమనిషి బోనెట్టు ఎత్తలేదు. బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంకో తప్పు.

లాగినందుకు డబ్బులిస్తే పుచ్చుకోడు. 'సాటి రైతు దగ్గరా?' అని చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. వాళ్ళావిడ నోటుపుస్తకంలో లెక్క రాస్తుంది. ఖర్చు వైపు డీజిలు, క్లచ్ ప్లేట్లు, తెగిన తాడు, బంపరు. జమ వైపు దోసకాయలు, టీ, మళ్ళీ దోసకాయలు. ఆ పుస్తకం చూపిస్తే, 'మా నాయన ఎడ్లకి ఉలవలు పెట్టేటప్పుడు మా అమ్మ లెక్క రాసిందా?' అన్నాడట. రాసే ఉంటుందని నా అనుమానం.

ఈ ఏడు తిరనాళ్ళకి బండలాగుడు పోటీలు పెడితే, బండికీ ఒక అవకాశం ఇవ్వమని కమిటీ వాళ్ళ దగ్గర పట్టుబట్టి కూర్చున్నాడు. ఎడ్ల పోటీలు పళ్ళ లెక్కన జరుగుతాయి. రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆ పైన సీనియర్లు. విసుగెత్తిన కమిటీ పెద్దాయన పేర్లు రాసే పుస్తకం తెరిచి అడిగాడు: 'సరేనయ్యా, ఏ విభాగంలో రాయమంటావ్? నీ బండికెన్ని పళ్ళు?'

టర్బో తడుముకోలేదు. 'ఏ గేరుకి బాబాయ్?'