"523" అను వాక్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక: మెదక్ ప్రాంతపు కొలిచాల వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేని మాట చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళలో అలాంటి ఒట్టు పెట్టుకున్నవాళ్ళు తక్కువ, నిలబెట్టుకున్నవాళ్ళు మరీ తక్కువ. ఇక్కడ వ్యాఖ్యకు దొరికింది ఒకే ఒక్క వాక్యం. ఫలానా ఆఫీసుదని చెప్పడానికి లేదు. మార్కాపురం, గిద్దలూరు వైపు చిరునామాలు ఎక్కించుకునే ఏ ప్రోగ్రాములోనైనా ఉండదగినదే. కవి అజ్ఞాతుడు. ఈపాటికి ఉద్యోగం మారి బెంగళూరు వెళ్ళిపోయి ఉంటాడు.

మూలం:
ఇఫ్ (పిన్.మొదటి_మూడు == "523") జిల్లా = "ప్రకాశం";

ప్రతిపదార్థం: ఇఫ్ – ఒకవేళ; పిన్ – తపాలాశాఖ వారి ఆరంకెల సంఖ్య యొక్క; మొదటి_మూడు – తొలి మూడంకెలును; == – అచ్చముగా సమానమగునేని; "523" – ఐదువందల ఇరువది మూటికి; జిల్లా – సదరు మనిషి జిల్లా; = – అగుగాక; "ప్రకాశం" – స్పష్టము.

తాత్పర్యం: పిన్‌కోడు 523తో మొదలైతే ఆ మనిషిది ప్రకాశం జిల్లా. మార్కాపురం 523316, గిద్దలూరు 523357, 2025 చివరిదాకా బాగానే ఉంది. చీరాల 523155, కందుకూరు 523105. ఇవీ 2022 ఏప్రిల్ 3 దాకా బాగానే ఉన్నాయి. మర్నాడు కొత్త జిల్లాలొచ్చాయి. చీరాల బాపట్లకూ కందుకూరు నెల్లూరుకూ వెళ్ళిపోయాయి. పిన్‌కోడ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ప్రక్షిప్తం: ఏప్రిల్ హడావుడిలో మూలం కింద మరో కవి ఇలా చేర్చాడనుకుందాం: ఎల్స్ ఇఫ్ (పిన్ == "523155") జిల్లా = "బాపట్ల"; చూడ్డానికి నిక్షేపంలా ఉంది. కానీ 523155 కూడా 523తోనే మొదలవుతుంది గనక పై వాక్యమే దాన్ని పట్టేసుకుంటుంది, కిందిదాకా రానివ్వదు. చీరాల వాళ్ళు ప్రకాశంలోనే ఉండిపోతారు. కంపైలరు ఏమీ అనదు, ఎర్రరూ రాదు. ఎవరికో సర్టిఫికెట్టు మీద తప్పు జిల్లా పడితే తప్ప బయటపడదు.

పాఠాంతరాలు: ఒక ఫైలులో "ఒంగోలు" అని ఉంది. మరోదానిలో "ప్రకాశం " అని, చివర ఒక ఖాళీ జాగాతో. కంటికి మూలంలోదీ ఇదీ ఒకటే; == కి మాత్రం వేరువేరు జిల్లాలు.

దోషనిరూపణ: కవి తపాలా హద్దును రెవెన్యూ హద్దనుకున్నాడు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా, అంచేత ఈ టీకాకు ఆయన పరాయివాడు కాడు. మొదటి మూడంకెలు ఉత్తరాలు వేరుచేసే పరిధికి, చివరి మూడు పోస్టాఫీసుకు. కలెక్టరు ఎక్కడ కూర్చుంటారన్నది ఆ సంఖ్యకు సంబంధం లేని విషయం.

ఆ ఏడాదే డిసెంబరులో, అంతకు రెండేళ్ళ ముందు పుట్టిన ఒంగోలు జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. ఆ నెలలోనే డేవిడ్ పార్నస్ వ్యాసం అచ్చయింది: ప్రోగ్రామును ముక్కలు చేసేటప్పుడు పని జరిగే వరసను బట్టి కాదు, రేపు మారగల నిర్ణయాలను బట్టి విడదీయాలి, ఒక్కో నిర్ణయం ఒక్కో ముక్క లోపలే దాగి ఉండాలి. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో ఎన్‌క్యాప్సులేషన్ అని పాఠం చెప్పేదానికి ప్రాణం ఇదే. ఒంగోలు సంగతి పార్నస్‌కు తెలిసే అవకాశం లేదు. తెలిస్తే ఇంతకన్న మంచి ఉదాహరణ దొరికేది కాదు.

పూర్వపక్షం: "జిల్లాలేమన్నా రోజూ మారతాయా?"

సమాధానం: 1965లో గిద్దలూరులో పుట్టి గడప దాటని మనిషిని తీసుకుందాం. పుట్టింది కర్నూలు జిల్లాలో. 1970 ఫిబ్రవరి 2 నుంచి ఒంగోలు జిల్లా వాడు, 1972 నుంచి ప్రకాశం వాడు. 1985లో తాలూకా పోయి మండలం వచ్చింది. 2025 చివర్లో మార్కాపురం జిల్లా ఏర్పాటుకు ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది.

సిద్ధాంతం: జిల్లా ఏదో ఊహించే పని ఎవరికీ పెట్టకూడదు. గ్రామం అనే ఆబ్జెక్టునే అడగాలి, అదీ తేదీ చెప్పి అడగాలి: గ్రామం.జిల్లా(తేదీ). 2015లో కందుకూరులో పుట్టినవాడి పాత కాగితం మీద ప్రకాశం ఉండాలి, 2023లో తీసుకున్న కాగితం మీద నెల్లూరు ఉండాలి, రెండూ నిజమే. ఊరి గుర్తింపుకు పేరు చాలదు. ఇంగ్లీషులో గిద్దలూరు వైపున్న కంభాన్ని రాసే అక్షరాలతోనే తమిళనాడు తేని జిల్లాలో ఇంకో ఊరుంది. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ వారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఊరూరికీ కోడుంది, అది వాడుకోవచ్చు. తెలియని ఊరు అడిగితే ఖాళీ చేతులు చూపించి ఊరుకోకుండా ఎర్రరు వేసి ఆగాలి. 1965లో నల్ అనే శూన్యాన్ని ప్రోగ్రామింగ్ భాషలోకి తెచ్చిన టోనీ హోర్ 2009లో అది తను చేసిన వందకోట్ల డాలర్ల తప్పని ఒప్పుకున్నాడు.

వారసత్వ విచారం: కొందరు ఉత్సాహవంతులు మండలం అనే క్లాసుకు ప్రకాశం_మండలం అని పిల్లను పుట్టిస్తారు. జావాలో పుట్టిన ఆబ్జెక్టు నడుమ క్లాసు మార్చుకోలేదు. మరి కందుకూరు ఏం కావాలి? జిల్లా మండలం దగ్గర ఉండే సమాచారం, దాని వంశం కాదు. మార్కాపురం పలకదీ ఇదే తంటా. పలక క్లాసుకు రాయి(), తుడువు() ఉన్నాయి (మొదటిదానిలో శ్లేష గమనించదగినది). ఆ గనుల రాయే గచ్చుకూ గోడలకూ వెళ్తుంది గదా అని గచ్చుపలకను పలకకు వారసుణ్ణి చేస్తే, రాయి() అన్నప్పుడల్లా అది కుదరదని మొండికేస్తుంది. తల్లి క్లాసు ఉన్నచోట పిల్ల క్లాసును పెట్టినా ప్రోగ్రాము తడబడకూడదన్న బార్బరా లిస్కోవ్ 1987 నాటి సూత్రం ఇక్కడే తప్పుతుంది. మందం, రంగు ఉన్న పలకరాయిని రెండూ తమ లోపల పెట్టుకుంటే గొడవ ఉండదు.

పరీక్ష: గిద్దలూరును 1970 ఫిబ్రవరి 1కి అడిగితే కర్నూలు, 2కి అడిగితే ఒంగోలు రావాలి. చీరాలను 2022 ఏప్రిల్ 3కి, 4కి అడగాలి. హద్దు తేదీలు వదిలేసి నడిమధ్య తేదీలతో పరీక్ష పెట్టేవాళ్ళే ఎక్కువ.

ఫలం: సిద్ధాంతం ప్రకారం కట్టినచోట మార్కాపురం జిల్లాకు పట్టికలో కొన్ని వరసలు చేరతాయి, అంతే. మూలవాక్యం ఉన్నచోట మాత్రం పని "523" ఇంకా ఎన్ని ఫైళ్ళలో ఉందో వెతకడంతో మొదలవుతుంది. అందులో కొన్నిచోట్ల అంకెల మధ్య ఖాళీ వదిలి "5 23" అని రాసిన మహానుభావులూ ఉంటారు.