బూజుశాస్త్ర సంగ్రహం

శాస్త్రం మొదలుపెట్టే ముందు నాలుగు సంగతులు తేల్చాలని పెద్దల ఆచారం. విషయం: ఇంటి సాలీడు. ప్రయోజనం: కదిరి తేరుకు చుట్టాలు దిగే వేళకు కూడా బూజు కొట్టనివాళ్లకు ఒక గౌరవమైన సాకు సంపాదించి పెట్టడం. సంబంధం: సాలీడుకూ గోడకూ తరతరాలుగా ఉన్నదే. అధికారి: పరక చేతికిచ్చినా మంచం దిగని ప్రతివాడూ.

మొదటి సూత్రం: రూపం చూడకు, వృత్తి అడుగు.

వ్యాఖ్య: శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన సాలీళ్ల జాతులు 2022 నాటికే 50 వేలకు చేరాయి. అన్ని ముఖాలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? బస్టాండులో కొత్తమనిషి కనబడితే మనం అడిగేది రెండే: ఏ ఊరబ్బా, ఏం చేస్తావు? ఇక్కడా అంతే. ముందు కాళ్లు లెక్కపెట్టాలి. ఎనిమిది లేకపోతే అది ఈ శాస్త్రం పరిధిలోకి రాదు. ఎనిమిది ఉన్నంతమాత్రాన సాలీడని ఒప్పుకోరాదు. తేలుకూ, తొలకరికి చేలమీద ఎర్రగా పాకే ఆరుద్ర పురుగుకూ ఎనిమిదే, అవి దాయాదులు. తర్వాత అడగవలసింది: నువ్వు వల కడతావా, వేటాడతావా?

రెండో సూత్రం: గోడమీద తిరిగేవన్నీ బూజు పెట్టవు.

వ్యాఖ్య: కిటికీ చట్రం మీద శెనక్కాయ గింజ కన్నా చిన్నదొకటి ఆగి, తిరిగి, మనల్ని చూస్తుంది. నిజంగానే చూస్తుంది. ఎనిమిది కళ్లలో ముందరి రెండూ పెద్దవి. ఈగ కనబడితే మొదట కాలికింద దారం అంటించి, తర్వాతే దూకుతుంది. గురి తప్పినా కింద పడదు. ఇది దూకుడు సాలీడు. వేటకు వల కట్టదు. క్యాలెండరు వెనక నుంచి అరచేయంత వెడల్పున బయటపడి ఇల్లంతా కేకలు పెట్టించేది వేట సాలీడు. దాని ఆహారంలో బొద్దింక ముఖ్యం. ఆడది తెల్లని బిళ్లలాంటి గుడ్లసంచిని పొట్టకింద పట్టుకుని తిరుగుతుంది. ఇంట్లో ఎక్కువ చెప్పుదెబ్బలు తినేది ఇదే, బూజుతో ఏ సంబంధమూ లేనిదీ ఇదే.

మూడో సూత్రం: మూలన వణికేదే బూజుకు కర్త.

వ్యాఖ్య: దారాల్లాంటి కాళ్లతో మూలన తలకిందులుగా వేలాడే సాలీడును ముట్టుకుంటే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తుంది. ఎక్కడుందో కంటికి ఆనదు. భయమనుకుంటాం, అది కనికట్టు. గుడ్లను నోట కరుచుకుని మోస్తుంది, తోటి సాలీళ్లనూ తింటుంది.

నాలుగో సూత్రం: వాకిలి దాటితే వృత్తులు మారతాయి.

వ్యాఖ్య: కంచెమీద గుండ్రని వల నేసి, మధ్యన తెల్లగా ఇంటూ గుర్తు పెట్టేది సంతకం సాలీడు. ఆ గుర్తు పురుగుల్ని పిలవడానికని ఒక పక్షం, పిట్టల్ని హెచ్చరించడానికని ఇంకో పక్షం, పండితులింకా రాజీపడలేదు. చక్రవల కట్టేవాటిలో కొన్ని రోజూ పాత వలను తిని కొత్తది నేస్తాయి. ధర్మవరం మగ్గానికి ఈ సౌకర్యం లేదు. రాత్రి శెనక్కాయ చేలో టార్చి నుదుటి దగ్గర పెట్టుకుని వేస్తే నేలమీద మెరిసేవి తోడేలు సాలీడు కళ్లు. తల్లి వీపంతా పిల్లలే. ముళ్లకంపల మీద గుంపుగా కాపురముండే జాతి కుప్పం వైపు పరిశోధకులకు బాగా తెలుసు. అందులో ఆడవే ఎక్కువ, వేటా తిండీ ఉమ్మడి. చివరకు పిల్లలు తల్లినే తినేస్తాయి. ఉమ్మడి కుటుంబాన్ని పొగిడేవాళ్లు ఈ భాగం దాటవేయవచ్చు.

పూర్వపక్షం: రాత్రి పడుకుని లేచేసరికి మెడమీద బొబ్బలు. సాలీడు ఉచ్చ పోసింది. చంపాల్సిందే.

సమాధానం: ముద్దాయి వేరు. వానకాలంలో దీపానికొచ్చే, నలుపూ నారింజా పట్టెలున్న, చీమలాంటి ఒక పెంకు పురుగు ఒంటిమీద నలిగితే దాని రసం అలా కాలుస్తుంది. నేరం దానిది, శిక్ష సాలీడుకు.

ఐదో సూత్రం: పేరు ఊరిది, కాపురం అడవిది.

వ్యాఖ్య: కదిరి పేరును కదిరి-6, కదిరి లేపాక్షి అంటూ శెనక్కాయలు మోస్తే, గుత్తి పేరును సాలీడు మోసింది. గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికిన నీలం సాలీడును 1899లో లండనులో పోకాక్ అనే పండితుడు వర్ణించి పేరుపెట్టాడు. బహుశా దుంగలతోపాటు టికెట్టు లేకుండా వచ్చింది. తర్వాత నూరేళ్లు అయిపు లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, చెట్టు తొర్రల్లో మళ్లీ కనబడింది. దాని నీలం రంగు పూసింది కాదు, వెంట్రుకల నిర్మాణంలో వెలుగు చేసే పని. ఆ అందమే దానికి చేటైంది. విదేశాల్లో గుత్తి పేరుతోనే గాజుపెట్టెల్లో పెంచుతారు. ఇక్కడ అడవి తరిగి అది అంతరించే అంచుకొచ్చింది. 2022లో జిల్లా చీలి గుత్తి అనంతపురంలో, మా కదిరి సత్యసాయి జిల్లాలో పడ్డాయి గానీ చుట్టరికం తెగలేదు. మా మూలనున్న సాలీడుకు నీలం రంగు లేకపోవడమే దాని అదృష్టం.

సిద్ధాంతం: కాపురమున్నది గూడు, కాపురం లేచిపోయినది బూజు. దుమ్ముపట్టి నల్లగా వేలాడేదాంట్లో చాలావరకు విడిచిపెట్టిన వలే. దాన్ని దులిపితే దోషం లేదు. అయితే ఏది ఏదో తేలాలంటే స్టూలెక్కి, టార్చి వేసి, ప్రతి మూలా వేరువేరుగా విచారించాలి. పరకతో అరగంటలో తేలే పని శాస్త్రోక్తంగా చేస్తే ఒక పూట పడుతుంది.

ఫలశ్రుతి: దీన్ని శ్రద్ధగా చదివినవారి ఇంట బొద్దింకలు తగ్గును, కేకలు తగ్గును. మంచం దిగకుండా ఉండటానికి మాత్రం ఇందులో ప్రమాణం దొరకదు. అది కావలసినవారు వేరే శాస్త్రం రాసుకోవలెను.