1,024 మంది ఉమ్మడి కుటుంబం

ఇంక భయం లేదట. మన ఫోన్ నంబరు, ఫొటో, ఆధారు అన్నీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసినట్టేనట. 2025 నవంబరు 14న ఢిల్లీ గెజిట్‌లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిబంధనలు బయటికి వచ్చినప్పటి నుంచి టీవీల్లో ఒకటే మోత: జరిమానా 250 కోట్లు! మైదుకూరు నాలుగు రోడ్ల కాడ టీ తాగుతుంటే పక్క బల్ల మీది పెద్దాయన, "ఇంక మన ఫొటో ఎవడన్నా తప్పుగా వాడితే 250 కోట్లు కట్టల్లంట అబ్బీ" అని సంబరపడినాడు. ఆయన చేతిలో మిరపకాయ బజ్జీ. బజ్జీ కింద ఎవరిదో ఆధారు జిరాక్సు. నూనె మరక సరిగ్గా పుట్టిన తేదీ మీద పడింది.

ఆ కాగితానికి ఈ చట్టం వర్తించదు పెద్దాయనా. ఇది డిజిటల్ సమాచారానికే. బజ్జీ ఇంకా డిజిటల్ కాలేదు.

అంత తొందర కూడా లేదు. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది జడ్జీలు చెప్పింది 2017 ఆగస్టులో. చట్టం వచ్చింది 2023 ఆగస్టులో. నిబంధనలు 2025 నవంబరులో. అసలు సెక్షన్లు అమలయ్యేది అప్పటి నుంచి 18 నెలలకు. ఈలోగా మనవాళ్లు పసుపు రెండు పంటలు తీసి అమ్ముకోవచ్చు.

పోనీ, వచ్చినాక ఏమొస్తుంది? మూడో సెక్షన్‌లో ఒక మాట ఉంది. మనిషి తన సొంత పనికో, ఇంటి పనికో వాడుకునే సమాచారం దీని కిందికి రాదు. సబబే. మా అవ్వ ఫోన్‌లో మనవళ్ల నంబర్లు దాచుకుంటే ఆమెకు ఢిల్లీ నుంచి నోటీసు రాకూడదు గదా. కానీ మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డు కొట్టేవాణ్ణి అడిగి చూడండి. వాడు చేసేది కూడా ఇంటి పనే. గ్రూపు అంటే ఇల్లే గదా. ఒక్క గ్రూపులో 1,024 మంది పడతారు.

ఎంత పెద్ద ఉమ్మడి కుటుంబం! పూర్వం ఉమ్మడి కుటుంబంలో ముప్పై మంది ఉంటేనే పొయ్యి కాడ కొట్టుకునేవాళ్లు. ఇక్కడ వెయ్యి మంది పైన ఒకే చూరు కింద. ఎరువుల అంగడాయన, స్థలాల బ్రోకర్లు, మూడు పార్టీల కార్యకర్తలు, కువైట్‌లో బండి నడిపే అల్లుళ్లు, ఎప్పుడో ఊరు వదిలి బెంగళూరులో ఉంటూ ఊరి పరువు గురించి బాధపడేవాళ్లు. పొద్దున్నే గులాబీ పువ్వు. తొమ్మిదింటికి వెంకటేశ్వరస్వామి. పదింటికి ఉల్లిగడ్డల ధర. పదకొండుకు ఎవరి కోడలో ఎవరితోనో.

ఈ కుటుంబానికి ఇంటిపేరు కూడా ఉంది: 'వచ్చింది వచ్చినట్టు'. పుట్టించినవాడు ఎప్పుడూ ఉండడు. అందరూ దత్తత తెచ్చుకున్నవాళ్లే. "ఇది నిజమా అన్నా?" అంటే, "నాకేం తెలుసు, వచ్చింది వచ్చినట్టు పంపినా" అంటాడు. పాలవాడు వచ్చింది వచ్చినట్టు పోస్తే, నీళ్లున్నాయని గిన్నె విసిరికొడతాడు ఇదే మనిషి. ఉల్లిగడ్డ కుళ్లుంటే వచ్చింది వచ్చినట్టు ఇంటికి తీసుకుపోడు. మాటకు మాత్రం ఏరేది లేదు, చెరిగేది లేదు.

ఈ ఇంటిపేరుకు మన దగ్గర మొదట బలైనవాడు బ్రహ్మంగారు. మఠం మనకు పక్కనే. 2020లో కరోనా రాగానే ఆయన ఎప్పుడో 'కోరంకి' జబ్బు గురించి చెప్పినాడని ఒక పద్యం ఫోన్లన్నీ తిరిగింది. ఏ తాళపత్రంలో ఉందని అడిగినవాడు లేడు. అప్పటి నుంచి ఎన్నికలు, ఎండలు, బంగారం ధర అన్నీ ఆయన ముందే చెప్పినవే. ఆయన సమ్మతి అడిగినారా? పోయిన మనిషి గదా అని తప్పించుకోవడానికి కూడా లేదు, ఆయనది సజీవ సమాధి.

వచ్చింది వచ్చినట్టు పంపితే తప్పు లేదనుకుంటే పొరపాటే. ఆడ జర్నలిస్టుల మీద ఎవరో రాసిన చెత్తను పంచుకున్న తమిళ నటుడు ఎస్.వి. శేఖర్ ఇదే పాట పాడితే, పంపినవాడిదే బాధ్యత అని 2023లో మద్రాసు హైకోర్టు చెప్పింది. అప్పుడు సుప్రీంకోర్టుకు పోయినా ఆయనకు ఊరట దొరకలేదు. మా గ్రూపులో ఈ వార్త రాలేదు.

నవ్వింది చాలు. మా వీధిలో ఒక అమ్మాయి బస్టాండులో మేనమామ కొడుకుతో మాట్లాడుతుంటే ఎవడో ఫొటో తీసినాడు. సాయంత్రానికి కింద రాత చేరింది: లేచిపోయింది అని. మన ఊరి నుంచి కడపకు ఒక దారి, ప్రొద్దుటూరుకు ఒక దారి, బద్వేలుకు ఒకటి, నంద్యాలకు ఒకటి. నాలుగు దారుల్లోనూ బస్సుకన్నా ముందే ఆ ఫొటో పోయింది. ఆ పిల్ల కాలేజీ మానేసింది. వాళ్ల నాయన స్టేషనుకు పోతే, పరువునష్టం మేం నేరుగా కట్టే కేసు కాదు, కోర్టులో ప్రైవేటు కంప్లయింట్ వేసుకోపో అన్నారు. అది నిజమే, చట్టంలో అట్లే ఉంది. వకీలుకు ఫీజు ఎంతో కనుక్కుని ఆయన ఇంటికి వచ్చేసినాడు.

తెనాలిలో 2024 మార్చిలో ఏం జరిగిందో గుర్తుందా? ఇంటిపట్టా చేతికొచ్చిందని కెమెరా ముందు సంతోషపడింది ఒక ఇల్లాలు. ఆ సంతోషం మీద పడి ఎన్ని బూతులు తిట్టినారు! కొద్ది రోజులకే రైలు తగిలి చనిపోయింది. ఆత్మహత్యా, ప్రమాదమా అని పార్టీలు కొట్లాడుకున్నాయి. కొట్లాట కోసం మళ్లీ ఆమె ఫొటోనే వాడుకున్నాయి. సిగ్గుండాల.

అదే మాట నాయకుడి మీద పడితే చూడండి, చట్టానికి ఎంత చురుకు పుడుతుందో! 2020 మేలో విశాఖ గ్యాస్ లీకు మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు వేసిన ఒక పెద్దావిడను సీఐడీ పిలిపించింది. అప్పుడు ఒక ప్రభుత్వం. 2024 నవంబరులో సోషల్ మీడియా పోస్టుల మీద రాష్ట్రమంతా కేసులు పడినాయి, కొన్నింటిలో సంఘటిత నేరాల సెక్షన్ 111 కూడా పెట్టినారు. అప్పుడు ఇంకో ప్రభుత్వం. 'తీవ్ర అభ్యంతరకరం' అంటూ ఎవణ్ణైనా లోపలేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది 2015లో. కొట్టేసినాక కూడా దాని కింద కేసులు కడుతూనే ఉన్నారని 2021లో అదే కోర్టు నివ్వెరపోయింది.

మరి కొత్త చట్టంలో ఆ పిల్ల నాయనకు ఏముంది? ఆ చట్టం పెట్టే బోర్డు జరిమానా వేస్తే, ఆ డబ్బు భారత సంచిత నిధికి పోతుంది. బాధపడినవాడికి రూపాయి రాదు. మన సమాచారం పారేసుకున్న కంపెనీ నుంచి పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టం 43ఏ సెక్షన్ ఒకటుంది, దాన్నీ ఈ చట్టమే ఎత్తేస్తుంది. పైగా అల్లాటప్పా ఫిర్యాదు చేసినావని బోర్డుకు తోస్తే, ఫిర్యాదు చేసినవాడికే పది వేల దాకా జరిమానా. 250 కోట్ల సంగతి చెప్పిన టీవీలు ఈ పది వేల సంగతి మింగేసినాయి.

18 నెలలు ఆగకుండా వెంటనే అమల్లోకి వచ్చిన ముక్క ఒకటుంది. అదేందో తెలుసా? సమాచార హక్కు చట్టం 8(1)(జె) సవరణ. వ్యక్తిగతమే అయినా ప్రజలకు పనికొచ్చేదైతే ఇవ్వాలని, శాసనసభకు కాదనలేనిది మామూలు మనిషికీ కాదనకూడదని అక్కడ ఉండేది. ఆ మాటలన్నీ చెరిపేసి 'వ్యక్తిగత సమాచారం' అని రెండు ముక్కలు మిగిల్చినారు. ఉపాధి పని మస్టర్లో దొంగ పేర్లు ఎవరివి, సిమెంటు రోడ్డు బిల్లు ఎవరు తీసుకున్నారు అని అడుగు, "అది వ్యక్తిగతం స్వామీ" అని చెప్పి పంపొచ్చు. కాంట్రాక్టరు బిల్లు వ్యక్తిగతం. మా వీధి పిల్ల ఫొటో మాత్రం 1,024 మంది ఇంటి వ్యవహారం!

ఆఖరికి ఊరి పెద్దమనుషులు నలుగురు కూర్చుని, పంపినవాడి చేత గ్రూపులో తప్పు ఒప్పిస్తామని ఆ నాయనకు మాటిచ్చినారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. మొన్న ఆదివారం మెసేజ్ వచ్చింది: "ఈ కింది ఫొటోలోని అమ్మాయి గురించి వచ్చిన వార్త తప్పు, క్షమించగలరు." ఫొటో మళ్లీ పెట్టినాడు, ఈసారి ఇంకా స్పష్టంగా ఉండేది. కింద వరసగా దండాల గుర్తులు. వాటి కింద కువైట్ నుంచి ఒకాయన: "పాత మెసేజ్ ఎవరి దగ్గరన్నా ఉంటే పెట్టండబ్బా, నేను చూళ్లేదు."